పాలెం బావి నీళ్ల మాట

నల్లబండపాడు
నవంబరు 1945

ప్రియమైన అన్నయ్యకు, చెల్లెలు హన్నమ్మ వందనాలు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. బడి కప్పు రెండు చోట్ల కారడం తప్ప ఇక్కడ మాకేమీ ఇబ్బంది లేదు. మీ బావ పెద్ద తరగతులు, నేను చిన్న తరగతులు చెప్పుకుంటూ నెట్టుకొస్తున్నాం. నిర్మలకు పళ్లు వస్తున్నాయి. చేతికి ఏది దొరికితే అది కొరుకుతోంది.

నిన్నొక సంగతి అడగాలి. మా బడి పిల్లలు నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పళ్లన్నీ గార. పళ్లు తోముకోవడం లేదని మొదట్లో నేనే కోప్పడ్డాను. అది తోమితే పోయే గార కాదని తరవాత తెలిసింది. పంటిలోనే ఉంది. పెద్దవాళ్లలో కొందరు మెడ తిప్పి వెనక్కి చూడలేరు, పిలిస్తే మనిషి మనిషంతా తిరగాలి. ఊళ్లో పుల్లమ్మ అని ఒక రైతు ఇంటి ఇల్లాలు ఉంది. ఆమె కొడుకు బసవయ్య మా బడికే వస్తాడు. దొడ్డికాళ్లు. నడుస్తుంటే చూడలేం.

దక్షిణాన కొన్ని ఊళ్లలో బావినీళ్ల వల్ల ఇట్లాగే అవుతోందని కిందటిసారి వచ్చినప్పుడు నువ్వు చెప్పిన మాట నా మనసులో ఉండిపోయింది. మాకు రెండు బావులు, ఊరిదొకటి, మా పాలెందొకటి. ఊరి బావిలో మనవాళ్లు చేద వేయకూడదు. మన బావి వంక వాళ్లు చూడరు. ఆ సంగతి నీకు చెప్పేదేముంది. రెండిటి నీళ్లూ రెండు సీసాల్లో పట్టి, చీటీలు అంటించి, మీ బావ చేత గురజాల స్టేషన్లో పార్సెలు వేయించాను. మీ లాబొరేటరీలో నీ పనికి అడ్డం కాకపోతే పరీక్ష చేసి రాయి.

నీ చెల్లెలు
హన్నమ్మ

*

మద్రాసు
డిసెంబరు 1945

ప్రియమైన హన్నమ్మకు, ప్రభాకరరావు ఆశీస్సులు.

సీసాలు పగలకుండా అందాయి. నీ అనుమానం నిజమే. ఆ నీళ్లలో ఫ్లోరైడు అనే లవణం ఉంది. మేము చేసే పరీక్ష చెబితే నువ్వు నవ్వుతావు. ఎర్రటి మందు కలిపిన గొట్టాలు వరసగా పెడతాం. లవణం ఎక్కువైనకొద్దీ ఎరుపు విరిగి పసుపుకు తిరుగుతుంది. మన నీళ్ల రంగు ఏ గొట్టం రంగుతో కలిసిందో కంటితో చూసి అంకె వేస్తాం.

పది లక్షల పాళ్ల నీళ్లలో ఒక పాలు దాకా ఉన్నా ఫరవా లేదంటారు. మీ ఊరి బావి అయిదు చూపించింది. పాలెం బావి ఒకటి చూపించింది. ఊరి బావి నీళ్లు పిల్లల చేత తాగించవద్దని చెప్పు.

ఇది ఒక్క సీసా మీద కట్టిన లెక్క, అటూ ఇటూ కావచ్చు.

బావకూ, కృపావరం మామగారికీ నా వందనాలు చెప్పు. నిర్మలకు ముద్దులు.

ప్రభాకరరావు

*

నల్లబండపాడు
జనవరి 1946

ప్రియమైన అన్నయ్యకు,

నీకు ఎట్లా కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియడం లేదు. ఇక్కడ జరిగింది రాస్తాను, దాన్నే కృతజ్ఞత అనుకో.

నీ ఉత్తరంలోని అంకెలు ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలో అందరికీ చెప్పాను. మా మామయ్య ఇన్నేళ్లు గుడికి ఉపదేశిగా ఎందరి ఉత్తరాలో చదివి పెట్టిన మనిషి. ఆ అంకెలు మాత్రం నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ సాయంత్రమే పుల్లమ్మ ఇంటికి వెళ్లి ఆమెకూ చెప్పాను. మర్నాడు ఆమె బిందె చంకన పెట్టుకుని, ఎవరేమనుకున్నా సరేనని మన బావికి వచ్చింది. కొడుకు కోసం వచ్చిన తల్లిని ఊళ్లోవాళ్లు ఏమీ అనలేకపోయారు. వారం తిరిగేసరికి ఇంకో నాలుగిళ్లవాళ్లు వచ్చారు.

క్రిస్మస్ వెళ్లాక వెంకట్రామయ్యగారు వచ్చారు. ఊరికి పెద్ద రైతు ఆయన. ఆయన మాట దాటి ఊళ్లో ఏదీ జరగదు. పాలెం మొదట్లో నిలబడి మామయ్యను పిలిపించుకున్నారు.

"ఏందయ్యా కృపావరం, మీ బావినీళ్లు మంచియ్యంట గదా. రోజుకొక బండి తోలుకోనిస్తారా?" అన్నారు.

"దేవుడిచ్చిన నీళ్లు. తోలుకోండయ్యా" అన్నాడు మామయ్య. ఆ మాట అక్కడ మామూలుగానే అన్నాడు గాని, ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి చానాసేపు ఏడ్చాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఊరు పాలేన్ని ఒకటి అడగడం అదే మొదలట.

అంతా తీపే అని రాయను. పీపాలు నింపుకునేటప్పుడు మన ఆడవాళ్లను పక్కకు జరగమన్నారు. మన బావి దగ్గర మనం జరగడమేమిటని నాకు మనసు చివుక్కుమంది. మామయ్య మాత్రం, "అడిగారమ్మా, అది చాలు" అన్నాడు.

నిర్మలకు నిశ్చింతగా ఆ నీళ్లే తాగిస్తున్నాను.

హన్నమ్మ

*

మద్రాసు
మార్చి 1946

ప్రియమైన హన్నమ్మకు,

నీ ఉత్తరం చదివి సంతోషించాను. మళ్లీ చదివితే భయం వేసింది. ఇంతమంది ఒక్క సీసా లెక్క నమ్మి నడుస్తారని నేను అనుకోలేదు.

ఆ సీసాలు నువ్వు పట్టింది వానలు వెళ్లిన కొత్తలో గదా. బావి అప్పుడు నిండుగా ఉండి ఉంటుంది. ఎండలు ముదిరి నీళ్లు అడుగంటినప్పుడు మళ్లీ రెండు బావులవీ పట్టి పంపు. ఈసారి ఒక్కోదానివి మూడేసి సీసాలు. ఏ బావినీళ్లు పడతావో ఆ నీళ్లతోనే సీసాను మూడుసార్లు కడిగి పట్టు.

ఇప్పటికి ఎవరితోనూ ఏమీ అనవద్దు. నాకే సరిగ్గా తెలియదు.

ప్రభాకరరావు

*

నల్లబండపాడు
ఏప్రిల్ 1946

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే సీసాలు కడిగి పట్టి పంపాను. బావిలో నీళ్లు బాగా లోతుకు వెళ్లాయి. మన బావి దగ్గర ఇప్పుడు తిరునాళ్లలా ఉంటోంది.

నీ ఉత్తరం నాకు అంత నచ్చలేదు. మంచిమాట చెప్పినవాడివి మళ్లీ అనుమానం ఎందుకు పెట్టుకుంటావు? చిన్నప్పుడు నువ్వు పలక మీద లెక్క చేసి, సరిగ్గా వచ్చినా తుడిచి మళ్లీ చేసేవాడివి. నాన్న నవ్వేవాడు. ఇదీ అట్లాంటిదే అయి ఉంటుందని నమ్ముతున్నాను.

బసవయ్య మన బావినీళ్లే తాగుతున్నాడు. పుల్లమ్మ నన్ను చూస్తే చేతులు పట్టుకుని వదలడం లేదు.

హన్నమ్మ

*

మద్రాసు
మే 1946

ప్రియమైన హన్నమ్మకు,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని లేచి, కూర్చుని లేచి ఇన్నాళ్లయింది. సూటిగా చెబుతాను. పాలెం బావి నీళ్లు మంచివి కావు. నేను చెప్పింది తప్పు.

ఆ నీళ్లలో సున్నపు ఉప్పులు చాలా ఉన్నాయి. అవి మందులోని పులుపును విరిచేసి, ఎరుపును విరగనివ్వవు. లవణం ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. నేను ఆ ఉప్పుల సంగతి చూసుకోకుండా రంగు చూసి అంకె వేశాను. దానికి తోడు అవి వాననీళ్లు కలిసిన నీళ్లు. ఈసారి ఉప్పుల బెడద తీసేసి, మూడు సీసాలూ విడివిడిగా చేశాను. ఏ సీసా ఎక్కడిదో చెప్పకుండా మా గదిలో ఇంకొకరి చేత కూడా చూపించాను. పాలెం బావి మూడుకూ నాలుగుకూ మధ్య ఉంది. ఊరి బావి అయిదుకూ ఆరుకూ మధ్య. రెండూ తాగదగ్గవి కావు. ఊరిదానికంటే మనది కొంచెం నయం, అంతే.

ఇప్పుడు వేసిన అంకెల్లోనూ కొంత తేడా ఉండవచ్చు. ఎంత ఉన్నా పాలెం బావి ఒకటి దగ్గరకు మాత్రం రాదు. ఆ మాట గట్టిగా చెప్పగలను.

వాళ్లకు చెప్పాలి, హన్నా. నీకు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు.

ప్రభాకరరావు

*

నల్లబండపాడు
మే 1946

అన్నయ్యకు,

ఎంత కష్టమో నీకు తెలియదు.

నువ్వు మద్రాసులో కూర్చుని అంకె మారిందని రాశావు. ఇక్కడ మారేది అంకె ఒక్కటే కాదు. పొద్దున్నే బండి వస్తుంది. మన ముసలివాళ్లు అరుగుల మీద కూర్చుని ఆ బండి వంక చూస్తారు. బండి తోలే మనిషి మామయ్యను పేరు పెట్టి పలకరించి, నీళ్లు తోడుకోమంటారా అని అడుగుతాడు. ఆ ఒక్క మాట వినడానికి మామయ్య తెల్లవారకముందే లేచి తలపాగా చుట్టుకుంటాడు.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. తరవాత, "ఒక్క ఏడు ఆగుదామమ్మా" అన్నాడు. "వాళ్ల బావి కంటే మనది నయమేగదా. తాగనీ. ఏడాదికే ప్రాణాలు పోవుగదా." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అది ఇంకా బాధగా ఉంది.

నీ మీద కోపం పూర్తిగా చూపించే హక్కు నాకు లేదు. అటూ ఇటూ కావచ్చని నువ్వు చివర రాసిన ముక్క నేను ఎవరికీ చదవలేదు. గుడిలో అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. ఆ ముక్క చదివితే పుల్లమ్మ బిందె ఎత్తుకునేది కాదు.

నిర్మలకు ఏం నీళ్లు తాగించాలో ఇవాళ నాకు తెలియడం లేదు.

హన్నమ్మ

*

మద్రాసు
జూన్ 1946

ప్రియమైన హన్నమ్మకు,

నీ కోపం న్యాయమైనదే. నువ్వు చదవకుండా వదిలేసిన ఆ ముక్క సంగతే ఇన్నిరోజులుగా ఆలోచిస్తున్నాను. దాన్ని నేనెట్లా రాశాను? మా రిపోర్టుల్లో ప్రతిదాని కిందా అట్లాంటి ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, రాసేవాడికి ఒక ధీమా మాత్రం ఉంటుంది. నీకూ అదే అలవాటుతో రాశాను. నేను నీకు రాయవలసింది ఇది: "హన్నా, ఈ ఒకటి మూడు కూడా కావచ్చు, ఎండాకాలం మళ్లీ చూసేదాకా ఎవరినీ కదిలించవద్దు." ఆ మాట ముందు రాయాలి, అంకె తరవాత రాయాలి. నేను తిరగేసి రాశాను.

మామగారిది తప్పని నేను అనను. కాని మంచివనుకున్నంతకాలం వాళ్లు ఇంకో నీళ్లు వెతుక్కోరు. మనవాళ్లూ వెతుక్కోరు. నిర్మల తాగేదీ అవే నీళ్లు.

మీ వాగు ఇసుకలో చెలమలు తీస్తారు గదా, ఆ నీళ్లు పంపు. బావినీళ్లలా రాతిలో నాని వచ్చే నీళ్లు కావు గనక మెరుగ్గా ఉండవచ్చని నా ఊహ. ఊహ మాత్రమే, ఎవరికీ చెప్పవద్దు. ఈసారి ఒక సీసా చూసి మాట ఇవ్వను. ఎండలో పట్టినవీ, వానల్లో పట్టినవీ, తరవాత పట్టినవీ చూస్తాను.

సెలవు అడిగాను. తప్పు చేసింది నేను గనక నేనే వచ్చి ఊళ్లో నిలబడి చెబుతాను. నువ్వు మాట పడనక్కర్లేదు.

ప్రభాకరరావు

*

నల్లబండపాడు
జులై 1946

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు రానక్కర్లేకపోయింది. చెప్పడం అయిపోయింది. ఎట్లా అయిందో రాస్తాను.

కిందటి ఆదివారం ఆరాధన ముగిసే వేళకు పుల్లమ్మ గుడి బయట వచ్చి నిలబడింది. గంప నిండా సొరకాయలు తెచ్చింది. మామయ్య బయటికి రాగానే ఆ గంప ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. "మీ బావి చలవ పెద్దయ్యా. మా వాడి కాళ్లు తిన్నగా అవుతయ్యి, నాకు నమ్మకం కుదిరింది" అంది. బసవయ్య కాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. తల్లి కంటికి మాత్రం నయమైనట్టు కనిపిస్తున్నాయి.

మామయ్య ఆ గంపను ముట్టుకోలేదు. ఆమె వెళ్లాక నా వంక తిరిగి, "ఆ సొరకాయలు మనం ఎట్లా తింటామమ్మా" అన్నాడు. ఆ తరవాత, "ఉత్తరాలు తీసుకో. ఊళ్లోకి పోదాం" అన్నాడు. నేను చెబుతానన్నాను. "నువ్వు చదువు. చెప్పేది నేను" అన్నాడు.

వెంకట్రామయ్యగారు అరుగు మీద ఉన్నారు. ఇంకో పది పన్నెండు మంది రైతులు కూర్చుని విత్తనాల సంగతి మాట్లాడుకుంటున్నారు. మేము వీధిలో నిలబడ్డాం. మామయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా బావినీళ్లు మంచియ్యని మేమే చెప్పాం. ఆ మాట నిలవలేదని చెప్పేది గూడా మేమే. మావీ మంచి నీళ్లు కావయ్యా. మీ పిల్లలకి తాపొద్దు" అన్నాడు.

తరవాత ఒకతను లేచి, వీళ్ల మాట నమ్మి పాలెం నీళ్లు తాగి ఉన్న పరువూ పోగొట్టుకున్నామని గొంతు పెంచాడు. ఇంకొకరు, ఊరిని తమ బావికి రప్పించుకోవాలనే ఇదంతా చేశారన్నారు. ఆ మాట మామయ్యకు గుచ్చుకుంది. మొహంలో తెలిసింది. అయినా కదలలేదు.

వెంకట్రామయ్యగారు చేయెత్తి వాళ్లను ఆపారు. నన్ను చూసి అడిగారు, "అప్పుడు చెప్పిందీ మీ అన్నే, ఇప్పుడు చెప్పేదీ మీ అన్నే. ఇది మాత్రం తప్పు గాదని ఎట్లా నమ్మేది పంతులమ్మా?"

నీ మే నెల ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. ఈసారి ఏదీ వదల్లేదు. చదివి, ఇది కూడా కొంత తప్పు కావచ్చని చెప్పాను. "మీరు గట్టు మీద నిలబడి చేను చూసి ఇన్ని పుట్లు పండుతుందని చెబుతారు. కళ్లం అయ్యాక ఒక పుట్టి అటో ఇటో అవుతుంది. పండిన చేను ఎండిపోయిందని మాత్రం ఎవరూ పొరబడరు గదా. మొదటిసారి మా అన్నయ్య పొగమంచులో చేను చూశాడు. ఇప్పుడు ఎండలో చూశాడు, పక్కవాడికి కూడా చూపించాడు. మూడో నాలుగో తేల్చలేడు. ఒకటి కాదని మాత్రం చెప్పగలడు."

ఆయన తల ఊపారు, అంతే.

మర్నాడు బండి రాలేదు. ఆ తరవాతా రాలేదు. పుల్లమ్మ కూడా రాలేదు. మామయ్య తెల్లవారకముందే లేవడం మానలేదు. లేచి తలపాగా చుట్టుకోకుండా కూర్చుంటున్నాడు. పాలెంలో కొందరు నాతో మాట్లాడటం లేదు. అయినా అన్నయ్యా, గుండెల మీది బండ దిగినట్టుంది. నిజం రాసినందుకు నీకు కృతజ్ఞతలు. మొన్నటి ఉత్తరంలో అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోకు.

చెలమ నీళ్లు ఎండల్లో పట్టినవి మూడు సీసాలు, వాగు పారాక పట్టినవి మూడు పంపుతున్నాను.

హన్నమ్మ

*

మద్రాసు
అక్టోబరు 1946

ప్రియమైన హన్నమ్మకు,

ఇది నువ్వు ఎవరికైనా చదివి వినిపించవచ్చు. అందుకే తెలియనివి ముందు రాస్తున్నాను.

ఇప్పటికే పళ్లకు పట్టిన గార పోతుందో లేదో అంటే, పోదు. వంగిన కాళ్లు తిన్నగా అవుతాయా అంటే, మంచి నీళ్లతో ఇంకా వంగకుండా ఆగవచ్చు, అదీ తప్పకుండా అని చెప్పలేను. ఇప్పుడు పుట్టే పిల్లలకు ఎంత మేలు జరుగుతుందో వాళ్ల పళ్లు వచ్చాక గాని తెలియదు. కరువు వచ్చిన ఏడు చెలమ నీళ్లు ఎట్లా ఉంటాయో నేను చూడలేదు.

ఇక చూసింది. నువ్వు ఎండల్లో, వానల్లో, వానలు వెనకబట్టాక పట్టిన చెలమ నీళ్లన్నీ అరకూ ముప్పాతికకూ మధ్యనే ఉన్నాయి. నా చెయ్యి ఎంత తప్పినా ఒకటి దాటవు. అవి తాగండి. పశువులు దిగే చోటికి ఎగువన చెలమ తీయాలి, నీళ్లు కాచి వడగట్టుకోవాలి. వాగునీళ్లతో కలరా వస్తే ఈ మేలంతా ఏమీ కాకుండా పోతుంది.

మామగారికి నా పేరు చెప్పి నమస్కారం చెయ్యి. నా తప్పును ఆయన తన నోటితో చెప్పారు. మా గదిలో ఇప్పుడు ఏ ఊరి నీళ్లు వచ్చినా, నీళ్లు ఎప్పుడు పట్టారో అడిగి గాని చెయ్యి పెట్టను. ఎవరు ఆ నీళ్లు తాగుతారో కూడా అడుగుతున్నాను. ఆ ప్రశ్న నాకు నేర్పింది ఆయనే.

ప్రభాకరరావు

*

నల్లబండపాడు
డిసెంబరు 1946

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం నువ్వు రాసిన వరసలోనే చదివాను, తెలియనివి ముందు. మొదట మన గుడిలో, తరవాత వెంకట్రామయ్యగారి అరుగు ముందు. ఈసారి మామయ్య నా పక్కన ఊరికే నిలబడ్డాడు. వెంకట్రామయ్యగారు ఆయనకు తన అరుగు మీద చోటు చూపించలేదు. అంత జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. కాని చదవడం అయ్యాక అందరిలో మామయ్యనే అడిగారు, "చెలమ ఎక్కడ తీస్తే మంచిదంటావు కృపావరం?" అని. ఇద్దరూ వాగు వెంట కలిసి నడిచి చోటు చూసి వచ్చారు.

ఊరివాళ్లవి ఎగువన, మనవాళ్లవి కొంచెం దిగువన. నాకది నచ్చలేదు, నీకూ నచ్చదు. అయినా పశువులు రెండిటికీ దిగువనే దిగుతున్నాయి. వెంకట్రామయ్యగారి బండి వాగు నుంచి వచ్చేటప్పుడు మా బడి దగ్గర ఒక పీపా దించి పోతోంది. దించమని ఎవరూ అడగలేదు. ఊరి పిల్లలూ పాలెం పిల్లలూ ఆ పీపా చుట్టూ చేరి దోసిళ్లు పడుతుంటే నేనే గరిటెతో పోస్తున్నాను. బసవయ్య కాళ్లు అట్లాగే ఉన్నాయి. ఇంకా వంగలేదు. అంతకుమించి నేనేమీ అనడం లేదు.

మామయ్య నీకు చెప్పమన్న మాట ఇది: "ఊరు మన బావికి వచ్చినప్పుడు నాకు గర్వం కలిగిందిరా అబ్బాయ్. ఇప్పుడు నెమ్మది కలిగింది. దేవుడు రెండూ చూపించాడు." మన తలుపు దగ్గర కూర్చుని రోజూ నీ కోసం ప్రార్థన చేస్తున్నాడు.

నా వంతు కృతజ్ఞత ఎట్లా రాయాలో ఇప్పటికీ నాకు చేతకావడం లేదు. నువ్వు ఆ మే నెల ఉత్తరం రాయకుండా ఉండగలిగేవాడివి. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. రాశావు గనక నిర్మల మంచి నీళ్లు తాగుతోంది.

నిన్న సాయంత్రం పుల్లమ్మ వచ్చింది. జులై తరవాత మా గడప తొక్కడం ఇదే మొదలు. కొంగు కింద నుంచి ఒక సీసా తీసింది. వాళ్ల దూరపు చేలో కొత్తగా తవ్వించిన బావినీళ్లట. మూడుసార్లు కడిగి పట్టిందట. సీసా నా చేతిలో పెట్టి అంది:

"మీ అన్నకి పంపు పంతులమ్మా. ఆయనకి ఎంత తెలిసిందో రాయమను. ఎంత తెలవలేదో అది గూడా రాయమను."

సీసా ఈ ఉత్తరంతో పాటు వస్తోంది.

నీ చెల్లెలు
హన్నమ్మ